గిల్టు బుట్టలు, గాజులు, ముత్యాలు: మెరిసే చిన్న సరుకుకి లైటింగ్ ఎలా పెట్టాలి?

#1 బందరు_గిల్టు

చిలకలపూడి ఒన్ గ్రామ్ గోల్డ్ సరుకు ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. బుట్టకమ్మలు, గాజులు, కెంపుల నెక్లెస్‌లు, ముక్కుపుడకలు. ఉన్న సరంజామా: లోపల రెండు ఎల్ఈడీ పట్టీలున్న 40 సెం.మీ. లైట్ టెంట్, ఫోను, 24 మెగాపిక్సెల్ ఏపీఎస్‌-సీ కెమెరా, 18-55 కిట్ లెన్సు.

తేడా కొడుతున్నవి ఇవీ. బుట్ట ముందువైపు నల్లమచ్చ (ఫోనూ, పట్టుకున్న చెయ్యీ). దాని పైన ఎల్ఈడీ చుక్కలు వరసగా. నగ మొత్తం పాలిపోయి నిమ్మపండు రంగుకి తిరుగుతోంది, అంచులు తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతున్నాయి. కెంపులు మాత్రం గోధుమరంగు.

ఇంకో రెండు లైట్లు కొంటే సరిపోతుందా? మ్యాక్రో లెన్సు తప్పదా? ఖర్చు 5 వేలు దాటకూడదు.

#2 నల్లకార్డు

లైట్లు పెంచకండి. పెంచితే చుక్కలు రెండు వరసలు కాస్తా నాలుగవుతాయి, అంతే.

గుడ్డకో చెక్కకో లైటు వేస్తే అది వెలుగుని అన్నివైపులా చల్లుతుంది, కాబట్టి లైటు ఎక్కడున్నా కనిపిస్తుంది. మెరుగు పెట్టిన లోహం అలా చల్లదు. వెలుగు ఏ కోణంలో వచ్చి తగిలిందో అదే కోణంలో అవతలికి పంపేస్తుంది. అందువల్ల మీ ఫొటోలో కనపడేది బుట్ట కాదు, బుట్టలో కనపడుతున్న గది. మీరు సర్దుకోవాల్సింది ఆ గదినే: ఎక్కడ తెలుపు ఉండాలి, ఎక్కడ నలుపు ఉండాలి, ఒకదాన్నించి ఇంకోదానికి ఎంత మెల్లగా మారాలి.

చేతి గాజులాంటి వాటిలో కెమెరాకి కనిపించే దిక్కులు కొన్నే. బుట్ట గుండ్రం కాబట్టి ముందున్న ప్రపంచం దాదాపు మొత్తం అందులోకి వచ్చేస్తుంది. లెన్సు వైపు తిరిగిన బిందువు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. అక్కడ కెమెరా కనపడి తీరుతుంది. దాన్ని పూర్తిగా తీసెయ్యలేం, చిన్నది చెయ్యగలం. దూరం రెట్టింపు చేస్తే మచ్చ వెడల్పు ఇంచుమించు సగమవుతుంది. ఫోను అయితే 3ఎక్స్ లెన్సుతో 50 సెం.మీ. వెనక్కి జరగండి, స్టాండుకి బిగించండి, టైమరు పెట్టండి. ముందు ఒక తెల్ల సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ అట్ట) నిలబెట్టి, లెన్సు పట్టేంత కన్నం మాత్రమే కోసి అందులోంచి తీయండి. మచ్చ గుండుసూది తల అంత మిగులుతుంది, దాన్ని ఎడిటింగులో చెరిపెయ్యొచ్చు. అక్కడ నగిషీ ఉంటే అదీ అక్కర్లేదు.

ఎల్ఈడీ చుక్కలకి మందు: పట్టీలకి 8-10 సెం.మీ. కింద ట్రేసింగ్ పేపరు సాగదీసి అంటించండి. పట్టీకి ఆనించి అంటిస్తే చుక్కలు మసకబారతాయి గానీ పోవు. వెలుగు పరుచుకోడానికి మధ్యలో ఖాళీ కావాలి.

#3 పోలరాయుడు

ఇంత కష్టం దేనికండీ, లెన్సు మీద సీపీఎల్ (పోలరైజింగ్) ఫిల్టరు పెట్టి తిప్పితే గ్లేర్ పోతుంది కదా? షాపు అద్దాల ముందు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

#4 నల్లకార్డు

అద్దం మీద పనిచేస్తుంది, లోహం మీద చెయ్యదు. అద్దం, నీళ్ళు, లక్క, ఎనామెల్ లాంటివాటి మీంచి దాదాపు 55 డిగ్రీల వాలులో వచ్చే ప్రతిబింబంలో వెలుగు ఒకే దిక్కున కంపిస్తుంది (పోలరైజ్ అవడమంటే ఇదే), ఫిల్టరు దాన్ని ఆపేస్తుంది. లోహం మీంచి వచ్చే వెలుగు అలా తయారవ్వదు. ఫిల్టరు ఎంత తిప్పినా బుట్ట బుట్టలాగే ఉంటుంది, ఎక్స్‌పోజరు మాత్రం ఒకటిన్నర స్టాపు తగ్గుతుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగం).

లైటు మీద కూడా పోలరైజింగ్ షీటు పెట్టి, లెన్సు మీది ఫిల్టరు దానికి అడ్డంగా తిప్పితే అప్పుడు లోహం మెరుపు మొత్తం పోతుంది. పోయాక మిగిలేది సీసం బిళ్ళ. మనం అమ్మేదే మెరుపు.

#5 పోలరాయుడు

లోహం సంగతి ఒప్పుకుంటాను. కానీ కెంపుల నెక్లెస్‌లో రాళ్ళ పైముఖాలు తెల్లబడి రంగు కనపడని చోట ఆ అడ్డం పద్ధతి పనికొస్తుంది. ట్రైపాడ్ కదపకుండా రెండు ఫొటోలు తీయాలి: ఒకటి మామూలుగా, రెండోది రెండు ఫిల్టర్లూ అడ్డం పెట్టి. రెండోదాన్ని పై లేయరుగా వేసి, రాళ్ళున్నచోట మాత్రమే మాస్కులో 50-60 శాతం తెరిస్తే రాయి లోపలి ఎరుపు వస్తుంది, బంగారం చెక్కుచెదరదు. షీటుని లైటుకి మరీ దగ్గర పెట్టకండి, వేడికి ముడతలు పడి రంగు మారుతుంది.

#6 నల్లకార్డు

ఈ వాడకానికి నాకూ అభ్యంతరం లేదు. వంద శాతం తెరవొద్దని మాత్రం గట్టిగా చెప్తాను. రాయికి పైన ఒక చిన్న మెరుపైనా లేకపోతే ప్లాస్టిక్ పూసలా ఉంటుంది.

#7 కరెంటోడు

కెంపులు గోధుమరంగుకి తిరగడం ఫిల్టరుతో పోయే జబ్బు కాదు, లైటులోనే ఉంది. చవక ఎల్ఈడీలో ముదురు ఎరుపు వెలుగు తక్కువ. లేని ఎరుపుని రాయి ఎక్కణ్ణించి తెచ్చి చూపిస్తుంది? అట్ట మీద సీఆర్‌ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 80 అని ఉంటే నగలకి పనికిరాదు. 95 పైన ఉండాలి, ఆర్9 అని ఎరుపుకి విడిగా ఇచ్చే అంకె కూడా 90 దరిదాపుల్లో ఉండాలి. సీఆర్‌ఐ లెక్కలోకి మొదటి ఎనిమిది పరీక్ష రంగులే వస్తాయి. ఆర్9 అందులో లేదు, అందుకే 90 దాటిన లైటు కూడా కెంపు దగ్గర తేలిపోతుంది. టెంటుతో వచ్చిన పట్టీలు పీకేసి, బయటినుంచి ఒకే ఒక మంచి లైటు వాడండి. మీ 5 వేలూ దానికే పెట్టండి.

గదిలో ట్యూబులైటు ఆపండి, కిటికీ మూయండి. నగ ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా వస్తోందంటే రెండు రకాల వెలుగు కలిసిందని అర్థం. దాన్ని ఏ వైట్ బ్యాలెన్సూ సరిచెయ్యలేదు. చొక్కా కూడా చూసుకోండి. ఎర్ర చొక్కా వేసుకుని వెండి గిన్నె తీస్తే గిన్నె ఎర్రబడుతుంది. నలుపో బూడిదరంగో వేసుకోండి.

ఫొటోలో అడ్డంగా చారలు వస్తుంటే అది ఫ్లికర్. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక డ్రైవరున్న బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు పోతాయి.

#8 బందరు_గిల్టు

థాంక్యూ సార్. పట్టీలు తీసేస్తాం. పాలిపోవడం, అంచులు కలిసిపోవడం సంగతి? టెంటు అన్నది నగల కోసమే అని అమ్మారు.

#9 నల్లకార్డు

టెంటు అంటే నాలుగువైపులా తెలుపు. నగ ఎటు చూసినా తెలుపే చూస్తుంది, మరి ఆకారం దేనివల్ల తెలియాలి? లోహానికి గుండ్రం వచ్చేది తెలుపు పక్కన నలుపు ఉన్నప్పుడే. అందుకని టెంటుని మర్చిపోయి ఇలా కట్టండి.

బల్ల మీద బుట్టని నైలాన్ దారంతో (గేలానికి వాడే 0.20 మి.మీ. రకం) వేలాడదీయండి. ఒకే దారమైతే గిరగిరా తిరుగుతుంది. కొక్కేనికి రెండు దారాలు వేసి పైన వెడంగా కట్టండి. వెనక 30-40 సెం.మీ. దూరంలో తెల్ల బ్యాక్‌గ్రౌండ్. చుట్టూ ఏ2 సైజు ట్రేసింగ్ పేపరు, 90 జీఎస్‌ఎమ్‌ది, అర్ధచంద్రంగా వంచి నిలబెట్టండి, ముందు లెన్సుకి సందు వదిలి. లైటు ఒక్కటే, పేపరు బయట, ఎడమవైపు కొంచెం వెనగ్గా, కొంచెం ఎత్తున. కుడివైపు పేపరు మీదికి ఏ లైటూ వద్దు, ఎడమనుంచి చిందింది చాలు.

ఇప్పుడు లైటుని పేపరుకి దగ్గరా దూరం జరుపుతూ నగనే చూడండి. 15 సెం.మీ. దగ్గర ఉంటే పేపరు మధ్యలో వేడి మచ్చ, చుట్టూ మెల్లగా చీకటి. అదే బుట్ట మీద మెరుపు నుంచి నీడకి జారే వరసగా వస్తుంది. 60 సెం.మీ. వెనక్కి లాగితే పేపరంతా ఒకే తెలుపు, బుట్ట చప్పగా అయిపోతుంది. ఎక్కువ నగలకి 20-30 మధ్య ఎక్కడో కుదురుతుంది.

అంచుల సంగతి. గుండ్రటి వస్తువు అంచు దగ్గర ఉపరితలం కెమెరాకి దాదాపు పక్కకి తిరిగిపోతుంది, కాబట్టి అక్కడ కనిపించేది వస్తువు వెనకున్నది, అంటే ఫ్రేముకి కాస్త బయటున్న భాగం. అక్కడా తెలుపే ఉంటే అంచు మాయం. బ్యాక్‌గ్రౌండ్ తెలుపుని ఫ్రేములో పట్టేంతకే కుదించి, దాని బయట రెండుపక్కలా నల్ల చార్టు పెట్టండి. బుట్ట చుట్టూ సన్నటి ముదురు గీత గీసినట్టు వస్తుంది. గీత సన్నగా వస్తే చార్టుని లోపలికి జరపండి, లావుగా వస్తే బయటికి. ఐదారు మిల్లీమీటర్ల తేడా కూడా తెలుస్తుంది.

కింద ఒక తెల్ల కార్డు మర్చిపోకండి. బుట్ట కింద వేలాడే మువ్వలు బల్లనే చూస్తుంటాయి. బల్ల చీకటైతే అవీ నల్లగా వస్తాయి.

#10 ఎఫ్_పదకొండు

రంగు పాలిపోవడానికి ఎక్స్‌పోజరు కూడా కారణం. బంగారం ఎరుపు, ఆకుపచ్చ ఎక్కువగా, నీలం తక్కువగా తిప్పి పంపుతుంది, అందుకే ఆ రంగు. ఎక్స్‌పోజరు పెరిగేకొద్దీ ముందు ఎరుపు చానెల్ నిండిపోతుంది, వెంటనే ఆకుపచ్చ. అక్కణ్ణించి పెరిగేది నీలం ఒక్కటే, కాబట్టి రంగు నిమ్మపండుకీ, తర్వాత తెలుపుకీ జారుతుంది. మామూలు హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగు ఎంతెంత పడిందో చూపే గ్రాఫు) ఇది చూపించదు. మూడు రంగులకీ విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రాం తెరిచి, ఎరుపు కుడి గోడకి తగలకుండా చూడండి. ఫోనైతే వస్తువు మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, సూర్యుడి గుర్తుని కిందికి లాగండి. హెచ్‌డీఆర్ ఆపెయ్యండి, అది మెరుపునీ నీడనీ ఒకే మట్టానికి తెస్తుంది.

ఆటో వైట్ బ్యాలెన్సు వద్దు. ఫ్రేమంతా బంగారం ఉంటే కెమెరా దాన్ని గదిలో పసుపు వెలుగనుకుని నీలం కలిపేస్తుంది. అదే లైటులో ముందు గ్రే కార్డు ఒక ఫొటో తీసి కస్టమ్‌గా పెట్టుకోండి.

మ్యాక్రో లెన్సు మీకు అక్కర్లేదు. లెక్క చూడండి. చాలా కిట్ లెన్సులు 55 దగ్గర పావు సైజు ఇస్తాయి, అంటే సెన్సారు మీద పడే బొమ్మ అసలు వస్తువులో నాలుగో వంతు. 5 సెం.మీ. బుట్ట సెన్సారు మీద 12.5 మి.మీ. పడుతుంది, ఏపీఎస్‌-సీ ఎత్తు 15.6. అంటే 4000 పిక్సెళ్ళలో 3200 బుట్టకే. అమెజాన్‌లో జూమ్ పనిచెయ్యడానికి 1000 పిక్సెళ్ళు చాలు.

ఎపర్చరు అంటే లెన్సు కన్నం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. ఎఫ్/11లో పావు సైజు దగ్గర ఏపీఎస్‌-సీకి ఫోకస్ లోతు (పదునుగా వచ్చే మందం) 9 మి.మీ. లోపు, ఎఫ్/16లో 13 లోపు. పాతిక మి.మీ. వెడల్పు బుట్టకి కనిపించే ముందు సగం 12.5 మి.మీ. కాబట్టి ఎఫ్/16 పెట్టి, ఫోకస్ ముందు కొస మీద కాకుండా అక్కణ్ణించి ఆ 12.5లో సగం వెనక్కి పెడితే సరిపోతుంది. డిఫ్రాక్షన్ (కన్నం మరీ చిన్నదైతే వెలుగు చెదరడం) వల్ల మెత్తదనం కొంచెం వస్తుంది, 2000 పిక్సెళ్ళకి కుదించాక తెలియదు.

ముక్కుపుడక కథ వేరు. 6 మి.మీ. వస్తువు పావు సైజులో 400 పిక్సెళ్ళు కూడా రాదు. కిట్ లెన్సుకే 10, 16 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సుకీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు) కలిపి పెడితే ముప్పావు దాకా వెళ్ళొచ్చు. ఎలక్ట్రానిక్ కాంటాక్టులున్నవే కొనండి, లేకపోతే ఎపర్చరు మార్చలేరు. అక్కడ లోతు ఎఫ్/8లో ఒక మిల్లీమీటరు. ఎఫ్/22కి పరిగెత్తకండి: దగ్గరి ఫోకస్‌లో అసలు ఎపర్చరు అంకె ఇంకా పెరుగుతుంది, ముప్పావు సైజులో ఎఫ్/22 అంటే దాదాపు ఎఫ్/38, బొమ్మంతా మెత్తబడుతుంది. ఎఫ్/8 దగ్గరే ఉండి, 0.7 మి.మీ. చొప్పున ఫోకస్ జరుపుతూ ఏడెనిమిది ఫ్రేములు తీసి స్టాక్ చెయ్యండి, అంటే ఒక్కోదాంట్లో పదునైన భాగాలు కలిపి ఒకే ఫొటో. ఫ్రేముల మధ్య ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు, లైటు ఏదీ కదలకూడదు. నునుపు లోహం మీద స్టాకింగ్ సాఫ్ట్‌వేరు తడబడుతుంది, మెరుపు అంచుల దగ్గర నీడ చారలు మిగులుతాయి. అక్కడ ఒకే ఫ్రేము నుంచి రీటచ్ చెయ్యాలి.

#11 ముత్యాలపందిరి

ముత్యాలు కలిసిన సరుకుంటే ఒక మాట. బుట్ట పద్ధతి ముత్యానికి యథాతథంగా పెట్టకండి. ముత్యానికి లోహంలా పదునైన ప్రతిబింబం ఉండదు, కింద పొరలనుంచి మెత్తటి వెలుగు వస్తుంది. రెండూ కనపడాలి. చుట్టూ ట్రేసింగ్ పేపరు కప్పేస్తే సుద్దముక్కలా అయిపోతుంది. పైనుంచి, కాస్త వెనకనుంచి ఒకే ఒక్క పరుచుకున్న లైటు, ముత్యం నుంచి 25-30 సెం.మీ. ఎత్తులో 20 సెం.మీ. వెడల్పు పేపరు. ఒక్కో ముత్యం మీద ఒక్క మెరుపే రావాలి. రెండొచ్చాయంటే ఎక్కడో రెండో లైటో, తెల్ల గోడో ఉంది, వెతకండి. ముందువైపు తెల్ల కార్డు బదులు బూడిదరంగు కార్డు పెడితే గులాబీ, ఆకుపచ్చ ఛాయ అంచుల్లో తేలుతుంది.

హైదరాబాదు ముత్యాల వరసల్ని తెల్ల కాగితం మీద అసలు తీయకండి. బూడిదరంగు మీద తీస్తే సైజుల వరస, రంగు తేడా రెండూ కొనేవాళ్ళకి తెలుస్తాయి.

శుభ్రం చేసేటప్పుడు స్పిరిట్ తగలనివ్వొద్దు, వెనిగర్, నిమ్మ అసలే వద్దు. ముత్యం సున్నపు సరుకు, పులుపు తింటుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు.

#12 కరెంటోడు

శుభ్రం సంగతి వచ్చింది కాబట్టి: రాళ్ళు లేని లోహానికైతే ఐసోప్రొపైల్ ఆల్కహాలు గుడ్డకి అద్ది తుడవొచ్చు, నగ మీద పొయ్యకండి. కుందన్ రాళ్ళ వెనక రేకు ఉంటుంది. తడి లోపలికెళితే రేకు నల్లబడి రాయి గుడ్డిదైపోతుంది, తిరిగి రాదు. లక్క నింపిన సరుకుకీ స్పిరిట్ పడదు. కాటన్ గ్లౌజులు, చేత్తో నొక్కే గాలి బ్లోయరు, చిన్న బ్రష్షు. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. ఫొటోలో ఒక దుమ్ము కణం చెరపడానికి పట్టే టైములో పది కణాలు ఊదెయ్యొచ్చు.

#13 వెండితీగ_కరీంనగర్

వెండి ఫిలిగ్రీకి పైన చెప్పిన పెద్ద మెత్తటి లైటు పనికిరాదు. సన్నతీగలు మెలేసి చేసే పని అది, అన్నివైపులా తెలుపు పడితే తీగకీ తీగకీ మధ్య సందు కనపడక పిండి బొమ్మలా వస్తుంది. వెనకనుంచి, బల్లకి 20 డిగ్రీల ఎత్తులో, నేలబారుగా ఒక లైటు. దాని ముందు పేపరు పలచగా, ఒక్క పొరే. ముందు నల్ల కార్డు. కింద ముదురు బూడిదరంగు కాగితం. వెల్వెట్ వద్దు, నూగు తీగల్లో ఇరుక్కుంటుంది.

నల్లబడ్డ వెండిని ఫొటోకి ముందు తెల్లగా చెయ్యాలంటే గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్ళు, గ్లాసుకి ఒక చెంచా వంటసోడా. వెండి ఫాయిల్‌కి తగలాలి. నాలుగైదు నిమిషాల్లో నలుపు దిగిపోతుంది. కావాలని నలుపెక్కించిన ఆక్సిడైజ్డ్ సరుకు మాత్రం ఇందులో ముంచకండి, ఆ నలుపూ పోతుంది. రాళ్ళు, ముత్యాలున్నవీ వద్దు.

#14 బందరు_గిల్టు

చెప్పినట్టు కట్టాం: ట్రేసింగ్ పేపరు అర్ధచంద్రం, ఒక లైటు, నల్ల చార్టులు. బుట్టకి అంచు వచ్చింది, రంగు కూడా చేతిలో చూసినదానికి దగ్గరైంది. ఇంకా రెండు ఇబ్బందులు. గాజు నిలబెట్టి తీస్తే లోపలివైపు మురికి గోధుమరంగు. సీజెడ్ (వజ్రంలా మెరిసే కృత్రిమ) రాళ్ళ కమ్మలు తీస్తే లోహం బాగుంది గానీ రాళ్ళు చచ్చిపోయినట్టున్నాయి.

#15 నల్లకార్డు

గాజు లోపలి గోడ చూసేది దాని ఎదుటి గోడనే. అక్కడ వెలుగు లేకపోతే ఇక్కడా ఉండదు. కెమెరాని 15-20 డిగ్రీలు పైకెత్తి, గాజు మధ్యలో, ఫ్రేముకి కనపడకుండా, చిన్న తెల్ల కాగితం ముక్క వాలుగా నిలబెట్టండి. ఎదుటి గోడ కాకుండా ఆ కాగితం కనపడేలా వంచాలి, లెన్సులోంచి చూస్తూ ఇంకొకరు కదిలిస్తే తొందరగా తేలుతుంది. తెలుపు బదులు మీగడరంగు చార్టు పెడితే పూత రంగు ఇంకా పండుతుంది. అలాగని బంగారు రేకు కాగితం పెట్టొద్దు, లేని రంగు చూపించినట్టవుతుంది, సరుకు వెనక్కొస్తుంది. గాజు నిలబడ్డానికి వెనకవైపు కింద చిటికెడు మైనం.

సీజెడ్‌కి కావాల్సింది లోహానికి కావాల్సినదానికి వ్యతిరేకం. రాయి మినుకుమనాలంటే చిన్న, గట్టి లైటు ఉండాలి, దానితోపాటు చీకటీ ఉండాలి. ఉన్న సెటప్ అలాగే ఉంచి, పేపరులో బొటనవేలంత కన్నం చేసి, దానిగుండా పేపరు తగలని రెండో చిన్న ఎల్ఈడీ టార్చి రాళ్ళమీదికి, పైనుంచి. టార్చిని అటూ ఇటూ జరిపితే ఒక్కోసారి ఒక్కో రాయి వెలుగుతుంది. ట్రైపాడ్ కదపకుండా మూడు నాలుగు తీసి, లేయర్లని లైటెన్‌లో (ఎక్కువ వెలుగున్నదే పైకి వచ్చే పద్ధతి) పెట్టి రాళ్ళు మాత్రం తీసుకోండి. లోహం మీద టార్చి చుక్కలు మొదటి ఫొటోలో లేవు కాబట్టి ఇబ్బంది లేదు.

#16 ఎఫ్_పదకొండు

టార్చి రంగు మెయిన్ లైటుతో కలవకపోయినా రాళ్ళలో నడిచిపోతుంది, లోహంలో నడవదు. అందుకే మాస్కు రాళ్ళ దగ్గరే ఆపండి.

తెలుపు గురించి ఎవరూ చెప్పలేదు. అమెజాన్ ప్రధాన ఫొటోకి బ్యాక్‌గ్రౌండ్ పూర్తి తెలుపు, మూడు చానెళ్ళూ 255 ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం ఆక్రమించాలి. దానికోసం నగ మీది లైటు పెంచొద్దు. ముందు నగకి ఎక్స్‌పోజరు కుదుర్చుకుని, తర్వాత బ్యాక్‌గ్రౌండ్‌కి విడి లైటు పెట్టి, తెలుపు సరిగ్గా నిండే దగ్గర ఆపండి. అక్కణ్ణించి ఒక స్టాపు ఎక్కించినా వెనకనుంచి వెలుగు లెన్సులోకి చిమ్మి, నల్ల చార్టులతో తెచ్చుకున్న అంచుని తినేస్తుంది.

#17 బందరు_గిల్టు

బాగా అర్థమైంది. మా బంధువుల కొట్టులో అసలు బంగారం కూడా ఉంది, హాల్‌మార్క్ గుర్తు దగ్గరగా తీసిమ్మంటున్నారు. ఉంగరం లోపల గుర్తు తెల్లగా వెలిగిపోయి చదవడానికి రావట్లేదు.

#18 నల్లకార్డు

బీఐఎస్ గుర్తు, 22కే916 (స్వచ్ఛత), ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ఆ నగకే ఇచ్చిన గుర్తింపు సంఖ్య), మూడూ లేజరుతో చెక్కినవి. లోతు నామమాత్రం, కాబట్టి నీడతో కనపడవు. నునుపు లోహం ఒకలా, చెక్కిన గరుకు ఇంకోలా వెలుగుని తిప్పుతాయి. ఆ తేడానే పట్టుకోవాలి.

ఉంగరాన్ని మైనంలో వాల్చి గుచ్చండి, గుర్తున్న చోటు లెన్సుకి సరిగ్గా ఎదురుగా కాక ఇంచుమించు 20 డిగ్రీలు పక్కకి వాలాలి. అప్పుడు ఆ చోటు లెన్సుని కాక, దానికి 40 డిగ్రీల పక్కనున్న చోటుని చూస్తుంది. అక్కడ ఉత్త తెల్ల కార్డు పెట్టి, లైటు కార్డు మీదికే వెయ్యండి, ఉంగరం మీదికి వద్దు. లోహం లేతగా, అక్షరాలు ముదురుగా వస్తాయి. కార్డు తీసి అక్కడ నల్లది పెట్టి, లైటుని పక్కనుంచి నేరుగా ఉంగరం మీదికి వేస్తే తిరగబడుతుంది: లోహం నలుపు, అక్షరాలు తెలుపు. పాత నగ మీద గీతలుంటే మొదటి పద్ధతే మేలు, రెండోదాంట్లో ప్రతి గీతా అక్షరంతో సమానంగా వెలుగుతుంది.

#19 ఎఫ్_పదకొండు

ట్యూబులతో ముప్పావు సైజు, ఎఫ్/8, రెండు సెకన్ల టైమరు. ఉంగరం లోపలి గోడ వంపు కాబట్టి గుర్తు రెండు చివరలూ ఒకే ఫ్రేములో పదునుగా రావు, మూడు ఫ్రేముల స్టాక్ చాలు.